చెయ్యెత్తే ముందు సర్వే నంబరు చూడు

బిడ్డా,

నువ్వు గెలిచిన రాత్రి ఫోన్ చేసిన గానీ ఆ డప్పుల మోతల నా మాట నీకు వినబడలే. అందుకే రాస్తున్న. రెండుసార్లు కౌన్సిలర్‌గ చేసిన పెద్దమ్మ ఉండంగ నువ్వు మున్సిపల్ మీటింగుకు ఏం తెల్వకుండ పోవద్దు.

నా మొదటి ఏడాది ముచ్చట చెప్త. ఎజెండాల ముప్పైకి పైన అంశాలున్నై. మోరీల పూడిక, బోరు మోటార్ల రిపేరు, వీధిలైట్లు. క్లర్కు గడగడ చదువుతుంటే వెనకనుంచి ఎవరో "ఆమోదం, ఆమోదం" అంటున్నరు. సమోసాలు వచ్చినై. సరిగ్గ అప్పుడే ఇంకో కాగితం చేతిల పెట్టిండ్రు. దాన్ని టేబుల్ ఎజెండా అంటరు. అందుల మూడో అంశం: ఫలానా సర్వే నంబరుల ఎకరం ఇరవై గుంటల జాగను నివాసం నుంచి వాణిజ్యానికి మార్చాలని ప్రభుత్వానికి సిఫారసు. అందరు చెయ్యెత్తిండ్రు, నేనూ ఎత్తిన.

ఏడాదిన్నరకు ఆడ ఫంక్షన్ హాలు లేసింది. ఎక్కడో కాదు, మన వార్డులనే, బడి గోడకు ఆనుకొని. పెండ్లిళ్ల సీజన్ల అర్ధరాత్రి దాటినా డీజే ఆగదు. పరీక్షలున్న పిల్లల తల్లులు మా గుమ్మం ముంగట నిలబడ్డరు. "నాకేం తెల్వదమ్మా" అన్న. ఒకామె సమాచార హక్కు కింద తెచ్చుకున్న తీర్మానం జిరాక్సు తీసి నా చేతిల పెట్టింది. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. హాజరైనోళ్ల పేర్లల్ల నా పేరు ఆరోది. ఆ కాగితం ఇప్పటికీ బీరువాల చీరల కిందనే ఉంది.

ఎజెండాల చాలాసార్లు వార్డు పేరు కనబడదు, సర్వే నంబరే ఉంటది. అందుకే ముందు నీ వార్డుల సర్వే నంబర్లన్నీ ఒక నోటుబుక్కుల రాసుకో. పాత రైతులను అడుగు, వాళ్లకు కంఠతా ఉంటై. ఊర్ల ఏ జాగ దేనికో రంగులల్ల చూపెట్టే మాస్టర్ ప్లాన్ పటం కాపీ తెచ్చి గోడకు పెట్టుకో. పసుపు నివాసం, నీలం వ్యాపారం, ఊదా పరిశ్రమ, ఎరుపు బడులు, ఆఫీసుల వంటి ప్రజావసరాలు, ఆకుపచ్చ పార్కులు. రంగు మారితే మనిషి బతుకే మారుతదని 2023 జనవరిల కామారెడ్డి రైతులు చూపెట్టిండ్రు గద. కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాల వాళ్ల పొలాలు ఇండస్ట్రియల్ జోన్ కింద పడినై. రోడ్డెక్కిండ్రు, ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. జగిత్యాలల పొలాలను రిక్రియేషన్ జోన్‌ల, అంటే పార్కులు, ఆటస్థలాల కింద, చూపెట్టిండ్రు. ఆఖరికి రెండు ఊర్ల కౌన్సిళ్లూ ముసాయిదా వద్దని తీర్మానం చేసినై. అదే పటాన్ని ముందుగాల్నే ఊరూరికీ తీసుకపోయి, ఈ రంగు నీ చేను మీద పడ్డదని చెప్తే అంతదూరం పోయేదా? రాజధానిల కూసొని గీసినోనికి మన చెరువు కట్ట తెల్వదు. నీకు తెలుసు.

భూ వినియోగ మార్పు అంశం వస్తే ఎవరడిగిండ్రు, పక్కన ఏముంది, ఎంత వెడల్పు రోడ్డు ఉంది అని అడుగు. జవాబు చెప్పకపోతే వచ్చే మీటింగుకు వాయిదా వెయ్యమను. వాయిదా అడిగినోళ్లను ఎవరూ కొట్టరు, మొహం మాడుస్తరు అంతే. మన తీర్మానం సిఫారసు మాత్రమే, ఆఖరు జీవో సర్కారుది. నడిమిట్ల అభ్యంతరాలకు పేపర్ల ప్రకటన ఇస్తరు. ఎవరూ చూడని పేజీల చిన్న అక్షరాల్తోని వస్తది. దాన్ని కోసి బడి గోడకు, గుడి గోడకు అంటించు, గడువు తేదీని ఎర్ర పెన్నుతోని రాయి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టంల వార్డుకు నాలుగు కమిటీలున్నై: యువకులు, మహిళలు, పెద్దలు, ఊర్ల పేరున్నోళ్లు, ఒక్కోదాంట్ల 15 మంది. కాగితం మీదనే ఉంచకుండ ఇసొంటి అంశం వచ్చినప్పుడు వాళ్లను పిలిచి పటం ముందర కూసోబెట్టు.

లేఅవుట్లల్ల పార్కుకు వదిలిన జాగ మీద అందరి కన్ను ఉంటది. కుల సంఘం భవనం అంటరు, గుడి అంటరు. మొఖం మీద కాదనుడు కష్టం, నాకు తెలుసు. బెంగళూరుల పార్కు జాగను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే 1991ల సుప్రీంకోర్టు చెల్లదని చెప్పింది, ఆ ముచ్చట నోటి మీద ఉంచుకో. నేను ఒకసారి చెప్పిన. హాలంత చప్పుడు లేదు.

ఇండ్ల పర్మిషన్ల కాడ మాత్రం నీకు పని లేదు. ఆన్‌లైన్ల పర్మిషన్లిచ్చే టీఎస్ బీపాస్ పద్ధతి వచ్చినంక 75 గజాల లోపు జాగల కట్టుకునే చిన్న ఇంటికి పర్మిషనే అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అయినా జనం నీ కాడికే వస్తరు. స్లాబ్ పోస్తున్న ఇంటి ముందర నిలబడకు, అక్కడ చాయ్ కూడ తాగకు. ఎందుకో నీకు చెప్పాల్నా?

పైసల సంగతి. "ముందస్తు మంజూరును ధ్రువీకరించుట" అన్న మాట కనబడితే పని అయిపోయింది, బిల్లు మాత్రమే మిగిలిందని తెలుసుకో. ఒకటే రోడ్డు నాలుగు ముక్కలుగ నాలుగు అంశాల కింద వస్తే, చిన్న చిన్న పనులని చూపెట్టి, టెండరు పిలవకుండ నామినేషన్ మీద, అంటే నచ్చినోనికి నేరుగ, ఇయ్యనీకనేమో అని అనుమానపడు. మున్సిపల్ ఇంజనీరు ఏఈని ఎస్టిమేట్ అడుగు, పని అయినంక ఎంబీ, అంటే కొలతలు రాసిన బుక్కు, అడుగు. సీసీ రోడ్డు మందం కొలవనీకి ఇంజనీరు చదువు అక్కరలేదు, పోసేటప్పుడు స్కేలు పట్టుకొని పో. నేను కుట్టుమిషన్ టేపు తీసుకపోయేదాన్ని, కాంట్రాక్టరు నవ్వేటోడు. తర్వాత నవ్వుడు బంద్ చేసిండు. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం పైసలన్నీ మన ఇష్టమున్నట్టు ఖర్చు పెట్టొస్తదనుకోకు. పదిహేనో సంఘం మనసొంటి ఊర్లకిచ్చిన దాంట్ల నూటికి 60 రూపాయలు నీళ్లకు, పారిశుధ్యానికే ముడిపెట్టింది. కమాను కడదామని ఎవరన్నా అంటే ఏ పద్దు కిందనో అడుగు. మొక్కలకు బడ్జెట్‌ల పదోవంతు పెట్టాలె, నాటినవాట్ల నూటికి 85 బతకాలె అని కూడ చట్టంల ఉంది. రాసినోళ్లు మన ఊరి మేకలను చూసినట్టు లేరు. ట్రీగార్డుల పైసలు ముందే పెట్టించు.

ఒప్పుకోని అంశం ఉంటే నోటితోని చెప్తే సరిపోదు. కాగితం మీద అసమ్మతి రాసి, సంతకం పెట్టి, కమిషనర్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. తర్వాత తీర్మానాల బుక్కుల అది ఎక్కిందో లేదో పోయి చూడు. ఒకసారి నాది ఎక్కలే. ముద్ర కాపీ చూపెట్టినంక ఎక్కిచ్చిండ్రు.

ఇంకో మాట. అల్లుడు మంచోడే, కానీ మీటింగుకు రావద్దు, నీ తరఫున ఫోన్ ఎత్తొద్దు. "కౌన్సిలర్ సాబ్" అని ఆయనను పిలుస్తుంటే మొదటి రోజే ఆపు. రెండు నెలలు పోతే నీకూ అలవాటైతది, ఆయనకూ అలవాటైతది. మీ పెదనాన్నను మాన్పించనీకి నాకు ఏడాది పట్టింది.

ఎజెండా ఇంటికి రాంగనే అన్ని పేజీలు ఫోటో తీసి వాట్సాప్ పెట్టు. రాత్రి పదైనా పర్వాలేదు. మొన్ననే కండ్లద్దాలు మార్చుకున్న, చిన్న అక్షరాలు కూడ సక్కగ కనబడుతున్నై.

మీ పెద్దమ్మ