షార్ట్‌వేవ్ ఒక్కటే మూగబోతే

డాబా మీద పదిహేను మీటర్ల వైరు కట్టి రేడియోకు తగిలించారనీ, గాలిదుమారం వచ్చిన మర్నాటి నుంచి షార్ట్‌వేవ్ స్టేషన్లు వినపడటం లేదనీ, ఎఫ్‌ఎం, మీడియం వేవ్ మాత్రం మామూలుగానే పలుకుతున్నాయనీ రాశారు. సెట్టు పారేయాలా అని అడిగారు. పారేయకండి. లక్షణాలను బట్టి చూస్తే పోయింది ఒక్క ట్రాన్సిస్టరే అయి ఉంటుంది. ఇలాగే ఒక సెట్టును నా చేతులతోనే పాడుచేసుకున్నాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

మాది అనంతపురం. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఎండుగాలి లేచి దుమ్ము రేగుతోంది. వాన లేదు, ఉరుము లేదు. స్పీకరులో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలై, రానురాను వేగం పుంజుకుంది. ఎందుకో అర్థంకాక ఏరియల్ ప్లగ్గు ఊడదీశాను. కాసేపాగి మళ్లీ పెట్టబోతే ప్లగ్గు కొసకూ సాకెట్టుకూ మధ్య ఆవగింజంత నీలి రవ్వ చిటుక్కుమంది. అంతే. అప్పటిదాకా 41 మీటర్ల బ్యాండులో కిక్కిరిసి ఉన్న స్టేషన్లలో రెండు మూడు మాత్రం గుసగుసగా మిగిలాయి. రోజూ 10 మెగాహెర్ట్జ్ దగ్గర గడియారంలా టిక్కుమనే చైనా టైం సిగ్నల్ బీపీఎం అసలు లేదు.

గాలికి కొట్టుకొచ్చే దుమ్మురేణువులు వైరును తాకినప్పుడల్లా కాస్త విద్యుదావేశం దానికి అంటించి పోతాయి. వైరు నుంచి నేలకు దారి లేకపోతే అది పేరుకుంటూ వేల వోల్టులకు చేరుతుంది. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. షార్ట్‌వేవ్ సిగ్నలు మొదట చేరే ట్రాన్సిస్టర్ ఎఫ్‌ఈటీ అనే రకం. సిగ్నలు లోపలికి వెళ్లే దాని కాలు, అంటే గేటు, చాలా రకాల్లో 25, 30 వోల్టులకు మించి తట్టుకోదు. మీకు ఏమీ తెలియకుండానే అది పోవచ్చు. మీడియం వేవ్ సెట్టు లోపలే ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ నుంచి వస్తుంది, ఎఫ్‌ఎం దారి వేరు. అందుకే ఆ రెండూ బతికాయి.

నాకు కోపమల్లా డిజైను మీద. బయటి ఏరియల్ ఇక్కడ పెట్టండి అని సాకెట్టు ఇచ్చారు. విప్పి చూస్తే ఆ సాకెట్టుకూ గేటుకూ మధ్య ఉన్నది ఒక బుల్లి కెపాసిటర్. అది డీసీని ఆపుతుంది గానీ తటాలున దూకే పల్సును ఆపదు. పాత వాల్వు రేడియోల్లో ఏరియల్ కాయిల్ రెండో కొస ఎర్త్‌కు కలిసేది, ఆవేశం ఎప్పటికప్పుడు జారిపోయేది. పైగా వాల్వు మొండి ఘటం.

రిపేరు కష్టమేమీ కాదు. అనుమానం ఉన్న ఎఫ్‌ఈటీని ఊడదీసి, మల్టీమీటరును డయోడ్ పరీక్షకు తిప్పి గేటు, సోర్సు అనే కాళ్ల మధ్య చూడండి. జంక్షన్ రకమైతే ఒకవైపే పలకాలి, అంటే కరెంటు ఒక దిశలోనే పోవాలి. నా దాంట్లో రెండువైపులా పలికింది. చాలా సెట్లలో జె310 అనే ఎఫ్‌ఈటీ సరిపోతుంది, కానీ కాళ్ల వరుస సరిచూసుకోండి, నేను మొదటిసారి తిరగేసి పెట్టాను. టంకం పెట్టే ముందు ఎర్త్ చేసిన లోహాన్ని ముట్టుకోండి, లేకపోతే కొత్తది కూడా మీ చేతిలోనే పోతుంది.

ఆ తర్వాత వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఒక 100 కిలోఓముల రెసిస్టర్ పెట్టండి, ఆవేశం పేరుకోదు. సాకెట్టు దగ్గర రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురు దిశల్లో ఎర్త్‌కు కట్టండి. అవి 0.6 వోల్టు దాటగానే పనిలోకి దిగుతాయి. ఇందులోనూ ఒక చిక్కుంది. దగ్గరలో గట్టి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటే డయోడ్లే దాన్ని కలగాపులగం చేసి షార్ట్‌వేవ్ నిండా చల్లుతాయి. అప్పుడు ఒక్కోవైపు రెండేసి డయోడ్లు వరుసగా పెట్టి చూడండి. టెస్టరులో వెలిగే నియాన్ బల్బు చాలు అనేవాళ్లున్నారు. అది వెలగడానికే 60 నుంచి 90 వోల్టులు కావాలి, ఈలోపు గేటు పోతుంది.

ఇవేవీ పిడుగును ఆపలేవు. మబ్బు కమ్ముకోక ముందే వైరును సెట్టు నుంచి తీసి, ఇంటి బయటే ఎర్త్ రాడ్డుకు కట్టేయండి.

విప్పాక మీటరు ఏం చూపిందో రాయండి, చూద్దాం.