డీపీఎఫ్ లైటును ఆర్పించకండి, ముందు చదివించండి

బెంగళూరులో 2021 మోడల్ డీజిల్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నారనీ, నెల తిరక్కముందే డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్) లైటు, దాని వెనకే ఇంజిన్ లైటు వెలిగాయనీ, మెకానిక్ మాత్రం “లోపలి ఫిల్టర్ తీసేస్తే పీడ విరగడైపోతుంది” అంటున్నాడనీ, ఏం చేయమంటారనీ అడిగారు. తీయించకండి. స్కానర్ పెట్టించి ఆ లైటును ఆర్పించే పని కూడా ఇప్పుడే వద్దు. ఆ కారును మీకంటే ముందు ఎవరు ఎలా వాడారో చెప్పగలిగిన సాక్ష్యం ప్రస్తుతానికి అదొక్కటే, దాన్ని మీ చేత్తో మీరే చెరిపేసుకుంటే తర్వాత వ్యాపారితో వాదించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను మారతహళ్ళిలో ఉంటాను. హోస్కోటె దారిలో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర డీజిల్ బండి తీసుకున్న రోజు డాష్‌బోర్డు మీద ఒక్క దీపం కూడా లేదు. కొద్ది రోజులకే సిల్క్ బోర్డు దగ్గర బండి అంగుళం అంగుళం జరుగుతున్న వేళ డీపీఎఫ్ పసుపు దీపం వెలిగింది, ఆ తర్వాత ఇంజిన్ లైటు కూడా తోడై, పికప్ పూర్తిగా పడిపోయింది. కె.ఆర్.పురంలో షెడ్డు నడిపే మదనపల్లె వైపు కుర్రవాడొకడు స్కానర్ తగిలించాడు. మసి పేరుకుపోయిందని చెప్పే పీ2463 కోడ్ వచ్చింది. అతను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తెర కిందికి జరిపి, కోడ్లు తుడిచిన తర్వాత బండి నడిచిన దూరాన్ని చూపించే వరుస దగ్గర ఆగి, “అన్నా, బండి తీసుకున్న కాడ్నుంచి ఎంత తోలింటావు?” అని అడిగాడు. చెప్పాను. “ఈ లెక్కకూ దానికీ పెద్ద తేడా లేదు చూడు. నీకు తాళాలు ఇచ్చే ముందే తుడిచేసినారు” అన్నాడు.

వ్యాపారికి ఫోన్ చేస్తే ఏమాత్రం తడుముకోకుండా, “బ్యాటరీ కొత్తది వేశాం సార్, కనెక్షన్ తీస్తే అన్నీ సున్నా అయిపోతాయి” అన్నాడు. కొన్ని బండ్లలో అలా జరగడం నిజమే కాబట్టి నేను మెత్తబడ్డాను. ఆ కుర్రవాడు మాత్రం ఏమీ మాట్లాడకుండా బానెట్ ఎత్తి టార్చి వేశాడు. బ్యాటరీ మీద అమ్మిన నెలను, సంవత్సరాన్ని గీకి గుర్తుపెట్టే స్టిక్కర్ అంచులు లేచిపోయి ఉంది, అందులో గీత పడినది మొదటి యజమాని కారును కొత్తగా కొన్నప్పటి సంవత్సరం మీద. టెర్మినల్ బోల్టుల చుట్టూ తెల్లగా, పచ్చగా పేరుకున్న చిలుము ఎక్కడా పెచ్చు ఊడలేదు, అంటే ఆ బోల్టు మీద ఇటీవల స్పానర్ పడనే లేదు. ఆ రెండింటి ఫొటోలూ పంపిన తర్వాత వ్యాపారి గొంతు మారింది, చివరికి ఖర్చులో సగం భరించడానికి ఒప్పుకున్నాడు. లైటును ఆ మధ్యలో నేనే ఆర్పించి ఉంటే ఆ సగం కూడా వచ్చేది కాదు.

ఇక మీ బండి సంగతి. పసుపు దీపం ఒక్కటే నిలకడగా వెలుగుతున్నంతవరకూ దానికి కావలసింది రోడ్డు మాత్రమే. ట్యాంకులో డీజిల్ సరిపడా ఉందో లేదో చూసుకొని (అడుగంటితే చాలా బండ్లు మసిని కాల్చే పని మొదలుపెట్టవు), హెబ్బాళ దాటి దేవనహళ్ళి వైపు, వీలైతే చిక్కబళ్ళాపురం దాకా, ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంకు పైన ఉండేలా ఒక గేరు తగ్గించి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. ఇంజిన్ కొంచెం అదనపు డీజిల్ పంపి ఫిల్టర్‌ను దాదాపు 600 డిగ్రీల వేడికి తెచ్చి మసిని కాల్చేస్తుంది. ఆ సమయంలో ఐడ్లింగ్ పెరిగినా, కాలిన వాసన వచ్చినా, ఫ్యాన్ హోరెత్తినా కంగారుపడి బండి ఆపకండి. అయితే దీపం మినుకుమినుకుమంటున్నా, మీరు రాసినట్టు ఇంజిన్ లైటు కూడా తోడైనా హైవే వైద్యం పనిచేయదు, సర్వీస్ సెంటర్‌లో కోడ్ల కాగితం తీయించుకున్న తర్వాత, బండిని నిలబెట్టి కంప్యూటర్ ద్వారా మసి కాల్పించవలసిందే. ఎర్ర దీపమైతే నడపనే వద్దు.

అక్కడికి వెళ్ళే ముందు ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఇంజిన్ ఆయిల్ గరిష్ఠ గీతను దాటి పైకి ఉండి, వేలికి పలుచగా తగిలి, డీజిల్ వాసన వస్తుంటే, మసి కాల్చే పని చాలాసార్లు మొదలై మధ్యలో ఆగిపోయిందనీ, ఆ అదనపు డీజిల్ ఆయిల్‌లోకి దిగిందనీ అర్థం. అప్పుడు ఆయిల్ మార్పించకుండా బండి తిప్పడం ఇంజిన్‌కు చేటు. కొత్త ఆయిల్ కూడా కారు పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి. మసి కాలుతుంది గానీ, ఆయిల్ వల్ల పేరుకునే బూడిద కాలదు, ఫిల్టర్‌కు అసలు ఆయుష్షు తీరేది దానితోనే.

ఫిల్టర్ పీకించే సలహా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తర్వాత, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పీకిన మెకానిక్ అప్పుడు మీ తరఫున వచ్చి నిలబడడు.

నన్నడిగితే అసలు తప్పు ప్రకటనల్లో ఉంది. “సింగిల్ ఓనర్, చాలా తక్కువ తిరిగిన బండి” అని రాస్తే మనవాళ్ళు ఎగబడతారు. పెట్రోలు బండికి అది మంచి గుణమే కావచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండికి మాత్రం అది దాదాపు జబ్బు లక్షణం. ఐదేళ్ళలో పాతిక వేలు తిరిగిందంటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫస్ట్ గేరు, సెకండ్ గేరుల్లో పాకుతూ, ఫిల్టర్ వేడెక్కే లోపే ఆఫీసు బేస్‌మెంట్ చేరి ఆగిపోయిన బండి అన్నమాట. దానికంటే వారం వారం అనంతపురమో కర్నూలో పోయివచ్చి ఎనభై వేలు దాటిన బండిని నేను కళ్ళు మూసుకొని కొంటాను. మీరు కూడా రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు మాత్రమే తిరిగేవారైతే, ఈ దీపం ఎన్నిసార్లు ఆరినా మళ్ళీ వెలుగుతుంది, నెలకు రెండు మూడు సార్లయినా ఊరి దారి పట్టక తప్పదు.

మీ బండికి డెఫ్ (పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం) ట్యాంకు కూడా ఉంటే దాని లైటు వేరు, దాన్ని దీనితో కలపకండి. ఆ ద్రవంలో ఉండేది 32.5 శాతం యూరియాయే కదా అని, మా మామ ఒకాయన పొలానికి తెచ్చిన బస్తా నుంచి కలిపి పోయమని సలహా ఇచ్చాడు. ఎరువుల యూరియాలోని మలినాలు లోపలి క్యాటలిస్ట్‌ను పాడుచేస్తాయి. సీలు వేసిన డబ్బానే కొనండి.

ఈ వారంలోనే స్కానర్ పెట్టించి, కోడ్లు తుడిచిన తర్వాతి దూరం కనిపించేలా ఫొటో తీసుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబరు చెప్పి పాత సర్వీసుల చరిత్రను అడగండి, ఇదే లైటు కోసం ఆ కారు ఇంతకుముందు అక్కడికి వచ్చి ఉంటే అందులో తేదీతో సహా ఉంటుంది. ఆ రెండూ చేతికి వచ్చిన తర్వాతే వ్యాపారికి ఫోన్ చేయండి, బ్యాటరీ మార్చామంటే మాత్రం ముందు బానెట్ ఎత్తి చూడండి.