రాజీ పడమంటున్నారు, నా మనసు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. పోయినేడు పొలం గట్టు తగాదాలో మా బావ, అంటే మా ఆయన పెదనాన్న కొడుకు, నన్ను కొడవలితో నరికాడు. కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. పత్తి తీయలేను, జొన్నరొట్టె తట్టలేను. హత్యాయత్నం కేసు నడుస్తోంది. అతను బెయిల్ మీద వచ్చి మా ఇంటి ముందే తిరుగుతున్నాడు. పెద్దమనుషులు మూడు లక్షలు ఇప్పిస్తాం, రాజీ పడమంటున్నారు. మా ఆయనదీ అదే మాట. అతను జైల్లో మగ్గాలని నాకేం లేదు. కానీ ఊళ్లో ‘గొడవలో తగిలిందంట’ అంటుంటే ఒళ్లు మండుతుంది. నేను మొండిదాన్నా?

సలహా: కాదమ్మా. ‘తగిలిందంట’ అన్న ఆ ఒక్క మాటలోనే మీ బాధంతా ఉంది. కొడవలి దానంతటది వచ్చి తగల్లేదు. ఒక మనిషి దాన్ని ఎత్తి నరికాడు. ఆ సంగతి నలుగురి ముందు బయటకు రావాలని అడుగుతున్నారు మీరు. శిక్ష ఎన్నేళ్లన్న పట్టింపు లేకపోయినా, అది న్యాయం అడగడమే. నా దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లలో చాలామంది అడిగింది కూడా ఇదే.

హత్యాయత్నం, అంటే పాత ఐపీసీలో సెక్షన్ 307, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 109, చట్టప్రకారం రాజీకి వీలున్న నేరం కాదు. అందుకే ఇలాంటి రాజీలు చివరికి బోనులో ‘ఎవరు కొట్టారో చూడలేదు’ అని చెప్పించడం దాకా వెళ్తాయి. ఆ ‘తగిలింది’ అన్న మాటను మీ నోటితోనే అనిపిస్తారు. మూడు లక్షలు దానికి కట్టిన వెల. నేనైతే ఒప్పుకోను.

డబ్బు అవసరం లేదనడం లేదు. కూలి పోయిన ఇల్లు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్ పట్టుకుని కర్నూలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి బాధితుల పరిహారం అడగండి. అది ప్రభుత్వ పథకం, అతనితో రాజీకి సంబంధం లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను కూడా ఉచితంగా పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అతను బెదిరిస్తే ఏ రోజు, ఏమన్నాడు, ఎవరు విన్నారు అని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. పోలీసులకు చెప్పి, బెయిల్ రద్దు చేయించమని ప్రభుత్వ లాయర్‌ను అడగండి. బెయిల్ విషయంలోనూ బాధితుల మాట వినాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

మీ ఆయన మీద కోపం పెంచుకోకండి. అన్నదమ్ముల మధ్య నలిగిపోతూ ఉంటాడు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ చేయి ఆయన చేతిలో పెట్టండి. ఆ రెండు వేళ్లు ముడవమనండి, ఎంతవరకు వస్తాయో ఆయన్నే చూడనివ్వండి. ‘నాకు తగల్లేదు, మీ అన్న నరికాడు. ఆ మాట నువ్వొక్కసారి అను’ అని అడగండి. ఊరి సంగతి తర్వాత.