గూఢచారి జేమ్స్ బాండ్ సినిమాల్లో శ్వేతజాతేతరులకు నిజమైన చోటు దొరికిందా?

దొరికింది, కానీ చాలా ఆలస్యంగా. 1962 నాటి ‘డాక్టర్ నో’లో సగం చైనీయుడైన ప్రతినాయకుడి పాత్రను శ్వేతజాతి నటుడు జోసెఫ్ వైజ్‌మన్ పోషించాడు. 1967లో ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’ కోసం బాండ్ పాత్రధారి షాన్ కానరీకే జపానీయుడి వేషం కట్టారు. నమ్మకం మాట అటుంచి, చూస్తే నవ్వొస్తుంది. 1983లో ‘ఆక్టోపసీ’ ఉదయపూర్‌కు వచ్చింది. కబీర్ బేడీ, విజయ్ అమృతరాజ్ ఉన్నారు సరే, వీధిలో మాత్రం కత్తులు మింగేవాళ్లు, నిప్పుల మీద నడిచేవాళ్లు! టెన్నిస్ ఆటగాడైన అమృతరాజ్‌కు పోట్లాటలో ఆయుధం కూడా రాకెట్టే. 2012లో నల్లజాతి నటి నవోమీ హారిస్, బాండ్ పై అధికారి కార్యదర్శి మనీపెన్నీ అయ్యాక అసలు మార్పు కనిపించింది. 2021లో మరో నల్లజాతి నటి లషానా లించ్ పాత్రకు ఏకంగా బాండ్ గూఢచారి నంబరైన 007 దక్కింది, సినిమా ముగిసేలోపే దాన్ని బాండ్‌కు తిరిగి ఇప్పించినా.