స్కూల్ ఎంచుకునే ముందు బస్సు డ్రైవర్‌ని చూడండి

"మా పాపని ఒకటో తరగతిలో వేస్తున్నాం. ప్రైవేటు స్కూల్ ఎంచుకునేటప్పుడు ముందుగా ఏం చూడాలి?" అని అడిగారు. నేనైతే బస్సు తోలేది ఎవరో చూడమంటాను. ర్యాంకుల ఫ్లెక్సీలు, డిజిటల్ క్లాసులు అన్నీ తర్వాతే. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి రోజూ రెండు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. ఆ రెండు గంటలూ వాళ్ళ ప్రాణం ఒక్క మనిషి చేతిలో ఉంటుంది.

నేను టెక్కలి దగ్గర పల్లెలో పెరిగాను. మా బస్సు డ్రైవర్‌ని అందరం డ్రైవర్ మావయ్య అనేవాళ్ళం. అంతకుముందు ఆయన లారీ తోలేవారు. టెక్కలి నీలి గ్రానైటు బండలు వేసుకుని విశాఖ పోర్టుకి వెళ్ళేవారు. "రాయి లోడు తోలినోడికి బ్రేకు ఎలా కొట్టాలో ఒకరు చెప్పక్కర్లేదు బాబూ" అనేవారు. నిజమే, ఆయన బండి ఆపితే నిలబడ్డ పిల్లలు కూడా తూలేవారు కాదు. చిన్నపిల్లల్ని ఇంజన్ బాక్సు మీద కూర్చోబెట్టేవారు, కానీ ముందు గోనెసంచి నాలుగు మడతలు వేసి పరిచి, అరచేయి ఆనించి వేడి చూశాకే. స్కూలు దగ్గర అందరూ దిగాక చివరి సీటు దాకా నడిచి, వంగి సీట్ల కింద కూడా చూసేవారు, ఎవరైనా నిద్రపోయి ఉండిపోయారేమోనని. మేం పెద్దవాళ్ళమయ్యాక కూడా ఆ పని ఒక్కరోజు మానలేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. దసరా సెలవులయ్యాక వాయుగుండం పట్టి ముసురు వదల్లేదు. ఆ రోజు మధ్యాహ్నమే బడి వదిలేశారు. మా ఊరికి కాస్త ముందు ఒక గెడ్డ, అంటే వాగు, దాని మీద చిన్న కాజ్‌వే. పైన ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా ఆ గెడ్డ పొంగుతుంది. మేం వెళ్ళేసరికి ఎర్ర నీళ్ళు రోడ్డు మీద నుంచి పారుతున్నాయి. మా ముందున్న ఆటో ఆగకుండా దిగిపోయింది, సగంలో కొంచెం పక్కకి జరిగినట్టు కనబడింది, అయినా అవతలికి ఎక్కేసింది. అవతల గట్టు మీద మా నాన్న, ఇంకొంతమంది గొడుగులు పట్టుకుని "వచ్చేయండి, వచ్చేయండి" అని చేతులూపుతున్నారు.

మావయ్య హ్యాండ్ బ్రేకు లాగి, క్లీనర్ చేత వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టించి దిగారు. కాజ్‌వేకి రెండు అంచులా సున్నం కొట్టిన రాళ్ళు ఉండేవి. అవి మునిగిపోయాయి. కాసేపు అక్కడే నిలబడి చూసి వచ్చి, తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"రాళ్ళు అగుపించేదాకా బండి కదలదు. ఎవులూ దిగకండి" అన్నారు.

అవతలి నుంచి అరుపులు. మాలో కొందరు ఏడుపు. ఆయన అవేవీ పట్టించుకోలేదు. తర్వాత బస్సు వెనక్కి తిప్పి, దగ్గరున్న ఊళ్ళో రామమందిరం ముందు ఆపారు. కిరాణా కొట్లో తన ఖాతా మీద అటుకులు, బెల్లం తీసుకుని పంచారు. ఒక్కొక్కరి తల మీద చేయి వేసి లెక్కపెట్టడం, కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టడం. చీకటి పడ్డాక ఎప్పటికో నీళ్ళు తగ్గి రాళ్ళ తలలు బయటపడ్డాయి. ఆ ఊరివాళ్ళు ఇద్దరు రెండంచులా టార్చిలైట్లు పట్టుకుని నడుస్తుంటే, మధ్యలో ఫస్టు గేరులో మమ్మల్ని దాటించారు.

మర్నాడు చూస్తే కాజ్‌వే చెక్కుచెదరలేదు. దాంతో యాజమాన్యం మా ముందే ఆయన్ని చీవాట్లు పెట్టింది, ఆటో వెళ్ళగలిగింది కదా, నీకేం భయమని. ఆయన ఒక్క మాటే అన్నారు: "ఆటో దాటిందని దాటాకే కదా సార్ తెలిసింది."

ఇన్నేళ్ళలో అంతకంటే తెలివైన మాట నేను వినలేదు. రెండడుగుల వరద చాలు, పెద్ద కార్లని కూడా పక్కకి నెట్టేస్తుంది. అడుగున రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. ఏటా వానాకాలంలో వాగుల్లో కొట్టుకుపోయిన బళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం. ఆ డ్రైవర్లంతా ముందువాడు దాటాడని దిగినవాళ్ళేనని నా నమ్మకం.

ఇంత మనిషికి మా స్కూల్లో వేసవి సెలవుల్లో జీతం ఉండేది కాదు. బడి మూసేస్తే డ్రైవర్ పొయ్యి కూడా ఆరిపోతుందా? ఆ రోజుల్లో ఆయన మళ్ళీ లారీ ఎక్కేవారు, జూన్‌లో నల్లబడి, చిక్కిపోయి వచ్చేవారు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది, బడులు తెరిచేలోపు మళ్ళీ చేయించాలి. బండికి టైర్లు, రంగు, అద్దాలు అన్నీ చూస్తారు. తోలేవాడు తిన్నాడా, పడుకున్నాడా అని ఎవరు అడుగుతారు? వార్షికోత్సవంలో టీచర్లకి శాలువాలు కప్పుతారు, డ్రైవర్లు మాత్రం బయట బళ్ళ దగ్గర కూర్చుంటారు. నాకు ఇప్పటికీ అది చూస్తే ఒళ్ళు మండుతుంది.

అరవై దాటితే స్కూలు బస్సు తోలకూడదన్న నిబంధన వల్ల ఆయన దిగిపోయారు. నాకు కోపం వచ్చింది కానీ ఆయనకి రాలేదు. "మంచి రూలే నాయనా, కళ్ళు ఎప్పుడు మోసం చేస్తాయో తెలీదు" అన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయనకి డెబ్బై దాటింది. కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. నేను ఊరు చేరేసరికి ఆయన కూడలిలో నిలబడి, నీళ్ళ ట్యాంకరు ఏ సందులో తిరుగుతుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో డ్రైవర్లకి చెబుతున్నారు. పక్కన కొమ్మలు నరుకుతున్న కుర్రాళ్ళందరూ ఒకప్పుడు ఆయన బస్సులో వెళ్ళినవాళ్ళే.

పోయిన ఏడాది, ఎనభై ఏళ్ళ వయసులో, రాత్రి అంబలి తాగి పడుకుని నిద్రలోనే పోయారు. పెద్దకర్మకి హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా వచ్చారు. ఆయన పిల్లలకి మాలో చాలామంది ఎవరో తెలియదు. ఫలానా ఊరి స్టాపు అని చెబితే గుర్తుపట్టారు, ఇంట్లో మా గురించి అలాగే చెప్పేవారట.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉంటున్నాను. మా అబ్బాయి స్కూలు కోసం తిరిగినప్పుడు సాయంత్రం బడి వదిలే వేళకే వెళ్ళాను. పిల్లాడు దిగి రోడ్డు దాటేదాకా బండి కదలనివ్వని డ్రైవర్ ఒకాయన కనబడ్డారు. లోపలికెళ్ళి, మీ డ్రైవర్లకి మే నెల జీతం ఇస్తారా అని అడిగాను. ఆఫీసులో ఉన్నావిడ ఆశ్చర్యంగా చూసి, "ఇస్తామండీ, ఎందుకలా అడిగారు?" అన్నారు. ఆ రోజే ఫీజు కట్టేశాను.