‘నేను’ అంటే కొబ్బరితోటలే చూపిస్తున్నారు

ప్రశ్న: కోనసీమలో లంక గ్రామాల పిల్లలు చదివే ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు ఉపాధ్యాయినిని. తొమ్మిదో తరగతి పిల్లలను ‘నేను’ అనే అంశంపై ఫోన్లలో చిన్న వీడియో కథలు చేయమన్నాను. వచ్చినవన్నీ ఒకే మూసలో ఉన్నాయి. కొబ్బరితోటలు, గోదావరి, పూతరేకులు, వెనక ఒక సినిమా పాట. ఒక అమ్మాయి మాత్రం చేయనే చేయనంది. వాళ్ల అమ్మ కువైట్‌లో ఉంటోంది. నేను ఎక్కడ సవరించుకోవాలి?

జవాబు: ప్రశ్న మరీ పెద్దదైపోయిందండి. ‘నేను’ అని అంశం ఇస్తే పద్నాలుగేళ్ల పిల్లలు చేతికందిన జవాబునే, అంటే తమ ప్రాంతం గురించి సినిమాలూ ప్రకటనలూ చెప్పే మాటనే, మనకు తిరిగి అప్పజెబుతారు. దాని బదులు ఇంట్లో పారేయడానికి మనసొప్పని ఒక వస్తువునో, మరిచిపోలేని ఒక్క రోజునో ఎంచుకోమనండి. దింపు కార్మికుడి కొడుకు తోటంతా చూపిస్తే అది ఎవరైనా తీయగల వీడియో. చెట్టెక్కేటప్పుడు తండ్రి పాదాలకు వేసుకునే తాడును దగ్గరగా ఫొటో తీసి, ‘గాలి గట్టిగా వీచిన రోజున పాఠం నా చెవికెక్కదు’ అని చెబితే అది వాడొక్కడే చెప్పగలిగిన కథ. పెద్దల జ్ఞాపకాల దగ్గర కూడా ఆగిపోనివ్వకండి. 1986 ఆగస్టు వరద గురించీ 1996 నవంబరు తుపాను గురించీ చెబితే అది అమ్మమ్మ కథ అవుతుంది. ఆ మాటలు వింటూ పెరిగి, గోదారికి ఎర్రనీరు రాగానే పుస్తకాల సంచిని అటకెక్కించే మనవరాలి కథ వేరు, మీరు రాబట్టవలసింది దానినే.

సొంత కథను సొంత గొంతుతో చిన్న వీడియోగా చెప్పే ఈ పద్ధతిని డిజిటల్ స్టోరీటెల్లింగ్ అంటారు. దీనికి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్ మొదలైన కళాకారులు రూపమిచ్చారు. 2001లో బీబీసీ వేల్స్ విభాగం ‘క్యాప్చర్ వేల్స్’ పేరుతో దీనిని ఊళ్లకు తీసుకువెళ్లి, సామాన్యుల కథలను వారి గొంతుతోనే చెప్పించింది. రెండు మూడు నిమిషాల నిడివి, కొద్దిపాటి ఫొటోలు, చెప్పేవారి సొంత గొంతు ఉంటే చాలు. వీటన్నిటికన్నా ముందు జరగవలసింది, మన బడుల్లో వ్యవధి లేదని తరచుగా వదిలేసేది, అందరూ గుండ్రంగా కూర్చుని ఒకరి కథ ఒకరు వినడం. అక్కడ తోటి పిల్లలు ‘అప్పుడు నువ్వేం చేశావు?’ అని అడిగే ప్రశ్న దగ్గరే మూస కథ విరిగిపోతుంది, కనుక ఆ గంట పూర్తయ్యేవరకు ఫోన్లు సంచుల్లోనే ఉండాలి.

తరువాత రాత. రెండు నిమిషాలకు సుమారు 200 మాటలు సరిపోతాయి. ఇక్కడ మీకొక విన్నపం: తెలుగు ఉపాధ్యాయులం కనుక ఎర్రసిరా కలం వెంటనే చేతిలోకి వస్తుంది గాని, ఈ ఒక్క పనికి దానిని పక్కన పెట్టండి. ‘ఆయ్’ అంటూ మాట్లాడే పిల్ల టీవీ యాంకరు భాషలో చదివితే, వినేవారికి ఆ పిల్ల దొరకదు. రికార్డింగు రోజున ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ముఖానికి జానెడు దూరంలో ఉంచితే చాలు, మైకులు కొననక్కరలేదు. సినిమా పాట వద్దనండి. కావాలంటే పడవ రేవులో మాటల సందడినో, ఇంటి వెనక కొబ్బరి ఒలుస్తున్న చప్పుడునో వాళ్లే రికార్డు చేసుకొస్తారు.

ఇక ఆ అమ్మాయి. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు. వారి పిల్లల దగ్గర మనం ఆశించేది ఎప్పుడూ ఒక కన్నీటి కథే, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. ఆమెకు కబడ్డీ గురించి చెప్పాలని ఉండవచ్చు, ఏమీ చెప్పకుండా ఇతరుల కథలకు ఎడిటింగ్ చేయాలనీ ఉండవచ్చు. ఆ వీలును తరగతి మొత్తానికి ముందుగానే ప్రకటిస్తే, ఆమె ఒక్కతే ప్రత్యేకంగా నిలబడవలసిన ఇబ్బంది తప్పుతుంది. కథల్లో ఎవరైనా హింసనో వేధింపునో బయటపెడితే మాత్రం అది తరగతి పనిగా మిగలకూడదు. ఆ పిల్లకు విషయం చెప్పి ప్రధానోపాధ్యాయులకు తెలియజేయండి, బాలల సహాయవాణి 1098 ఉంది. మార్కులు వేయక తప్పకపోతే గొంతు స్పష్టతకూ ఫొటోల ఎంపికకూ వేయండి, వారి జీవితానికి మాత్రం వేయకండి.

ప్రశ్న: మాది పాలకొల్లు. మా మనవరాలు చేసిన ఇలాంటి కథను బడివాళ్లు యూట్యూబులో పెడతామంటున్నారు. అందులో మా ఇంటి గొడవ ఒకటి ఉంది. వద్దనవచ్చా?

జవాబు: తప్పకుండా అనవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని పిల్లలుగా పరిగణించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతోంది. కనుక మనవరాలి తల్లిదండ్రులు రాతపూర్వకంగా చెప్పడం మంచిది. తరగతిలో చూపడానికీ, వార్షికోత్సవంలో చూపడానికీ, ఇంటర్నెట్‌లో పెట్టడానికీ విడివిడిగా సమ్మతి అడగమనండి, ఎందుకంటే మొదటిదానికి ఒప్పుకొని చివరిదానికి కాదనడంలో తప్పేమీ లేదు. అయితే గొడవ ఉన్న భాగాన్ని తీసేయించే ముందు, అది ఎందుకు చెప్పాలనిపించిందో మనవరాలినే ఒకసారి అడగండి.