వాగు ఒడ్డున బయటపడిన రాయి ఎముకేనా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలోని ఒక పల్లె. మొన్నటి వానలకు మా చేను పక్కన వాగు ఒడ్డు కోసుకుపోయి, మూరెడు పొడవున్న బరువైన రాయి బయటపడింది. అచ్చం తొడ ఎముకలా ఉంది. ఊళ్లో పెద్దలు రాక్షసుల ఎముక అంటుంటే, మా అబ్బాయి డైనోసార్‌ది అంటున్నాడు. పగలగొట్టి లోపల చూడవచ్చునా?
– ఒక రైతు

జవాబు: పగలగొట్టవద్దు. మీ అబ్బాయి ఊహకు ఆధారం మీ తాలూకాలోనే ఉంది. కోట గ్రామం పేరుతో పిలిచే జురాసిక్ కాలపు రాతి పొరల్లో, పోచంపల్లి దగ్గర, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ పరిశోధకులు 1960 ప్రాంతంలో సుమారు 300 డైనోసార్ ఎముకలను వెలికితీశారు. బెంగాలీలో ‘పెద్ద కాలు’ అనే అర్థం వచ్చేలా, 1961లో శతజయంతి జరిగిన రవీంద్రుని పేరును కూడా కలిపి, ఆ జంతువుకు ‘బారాపాసారస్ టాగోరై’ అని నామకరణం చేశారు. పళ్లు దొరికాయి గాని, పుర్రె మాత్రం ఆ తవ్వకాల్లో దొరకలేదు.

అయినా మీ చేతికి చిక్కినది రాయిగా మారిన చెట్టు దుంగ అయ్యే అవకాశమే ఎక్కువ. అందుకు చిన్నబుచ్చుకోనక్కరలేదు, పోచంపల్లిలో ఎముకలతో కలిసి దొరికినవి కూడా అలాంటి దుంగలే. కొస తిప్పి చూడండి: మానైతే వలయాలు, పొడవునా నార గీతలు కనిపించవచ్చు, ఎముకైతే అంచున గట్టి పెంకు, లోపల జల్లెడలాంటి సన్నని రంధ్రాలు ఉంటాయి. నాలుకకు అంటుకుంటే ఎముకేనని కొందరు చెబుతారు గాని, రంధ్రాలు ఖనిజాలతో పూర్తిగా నిండిపోయిన ఎముక అలా అంటుకోదు కనుక ఆ పరీక్షను నేను నమ్మను. రెండు గుర్తులూ లేకపోతే అది నీటి ఒరిపిడికి నునుపు తేలిన మామూలు రాయే కావచ్చు.

రాయి కన్నా అది ఏ పొరలో నుంచి జారిందన్నదే పరిశోధకులకు ముఖ్యం. ఇంటి అరుగు మీదికి చేరిన ఎముక తన వయసును, తోటి ఎముకలను అక్కడే వదిలేసి వస్తుంది. కాబట్టి పక్కన ఒక స్కేలు పెట్టి రాయికీ, ఒడ్డుకూ ఫోటోలు తీసి, ఫోనులో ఆ చోటును గుర్తించి, తహసీల్దారుకూ, నాగపూరులోని భారత భూగర్భ సర్వేక్షణ కార్యాలయానికీ రాయండి. మీ తాలూకాలోనే వడధంలో శిలాజ ఉద్యానం ఉంది కనుక, అక్కడి అటవీ సిబ్బందికి కూడా ఇలాంటివి కొత్త కాదు. ఇంకేదైనా ఒడ్డులో ఇరుక్కుని కనిపిస్తే గడ్డపారతో లాగవద్దు. వాగు మళ్లీ పొంగేలోపు గోనె సంచులు కప్పి, పైన మట్టి వేసి ఉంచండి.